ఏడో మనిషి

దసరా వెళ్ళిపోయింది గానీ, దసరాకని ఊళ్ళకు పోయినవాళ్ళు మాత్రం ఊళ్ళలోనే ఉండిపోయారు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మరి. బస్సు చక్రం కదలదు, బడి గంట మోగదు, ఆఫీసులో ఫైలు ఈ బల్ల మీద నుంచి ఆ బల్ల మీదికి జరగదు. మామూలు రోజుల్లో మనిషిని మనిషి తోసుకుంటే తప్ప అడుగు పడని దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, ఆ శుక్రవారం పొద్దున లింగస్వామి బంతిని తోసుకుంటూ మన్సూరాబాద్ నుంచి బస్సు డిపో దాకా పరుగెత్తుకొచ్చాడంటే చూడండి. నడి రోడ్డున నిలబడి డివైడరుకు బంతి కొట్టడం, అది తిరిగొచ్చే లోపల తను ముందుకు ఉరకడం, ఎడమ కాలి లోపలి అంచుతో దాన్ని మెత్తగా ఆపుకోవడం. చెప్పుల దుకాణం వాడొకడు సగం షట్టరు కింద కూర్చుని బీడీ తాగుతూ, ఏనాడూ ఎవరూ ఇలా ఉత్తగా పరుగెత్తని రోడ్డు మీద ఈ పిల్లవాణ్ణి కళ్ళప్పగించి చూశాడు.

డిపో ముందు షామియానా వేసి ఉంది. లింగస్వామి తండ్రి లచ్చయ్య అక్కడే ఉన్నాడు. బస్సు డ్రైవరు. సమ్మెలో ఉన్నా రోజూ ఉతికిన ఖాకీ చొక్కా తొడుక్కునే వస్తాడు. ఆ రోజు రోడ్డు మీదే వంటావార్పు పెట్టారు. స్టీరింగు తిప్పిన చేతులకు ఉల్లిగడ్డలు చిక్కడం లేదు. ఒక్కొక్కటీ జారిపోతుంటే లచ్చయ్య పట్టుబట్టి చక్రాల్లా తరుగుతున్నాడు, కళ్ళ నీళ్ళు భుజానికి తుడుచుకుంటూ.

లింగస్వామి బంతిని చంకలో పెట్టుకుని పక్కన కూలబడగానే కండక్టర్లు మొదలుపెట్టారు. నీ కొడుకును ఇప్పుడు ఏ ఊరికి కిరాయికిచ్చారు లచ్చన్నా అని ఒకడు. పోయిన ఏడు అద్దెబస్సులొచ్చినట్టు ఇప్పుడు అద్దె ఆటగాళ్ళు కూడా వచ్చారా అని ఇంకొకడు. లింగస్వామి నవ్వాడు. వాళ్ళన్నదాంట్లో అబద్ధం లేదు. అతను సంతకం పెట్టింది మల్లికార్జునరావు గారి క్లబ్బుకు. ఎల్‌బీనగర్‌లో ఆడే ఎర్ర జెర్సీల ఫుట్‌బాల్ జట్టది. ఆయన తనకు అక్కర్లేనప్పుడు ఆటగాణ్ణి వేరే జట్టుకు కొన్నాళ్ళు ఆడమని పంపుతాడు. మైదానంలో దాన్ని లోన్ అంటారు. బెంగుళూరు పంపితే అక్కడి వాళ్ళు ఇతని పేరు నేర్చుకోలేదు, ‘హైదరాబాద్’ అని పిలిచారు. త్రిస్సూరు పంపితే ‘ఆంధ్రా’ అని పిలిచారు. నేను ఆంధ్రా కాదు, తెలంగాణ అని ఎన్నిసార్లు చెప్పినా, అక్కడి మలయాళీ గోలీ, అదే గోల్‌కీపరు, తల ఊపి, “ఓకే ఆంధ్రా” అనేవాడు. ఇప్పుడు తుర్కయంజాల్ జట్టుకు ఇచ్చారు. ఆకుపచ్చ జెర్సీ. పేరుతోనే పిలుస్తున్నారు, అంతవరకు నయం.

ఆదివారం సెమీఫైనల్ గదా, ఎవరితో అని లచ్చయ్య అడిగాడు.

“మా సార్ క్లబ్బుతోనే నాయినా. నేను ఆడొద్దు.”

“ఎందుకు ఆడొద్దు?”

“లోన్ల పోయినోడు సొంత క్లబ్బు మీద ఆడొద్దని కాయిదా.”

ఈ జట్టును సెమీఫైనల్ దాకా లాక్కొచ్చింది లింగస్వామే. అతను తీసుకెళ్ళిన బంతుల మీదే సగం గోల్సు పడ్డాయి. పైగా ఆ ఆదివారమే గోవా నుంచి పెద్ద క్లబ్బు మనిషొకాయన వస్తున్నాడు, ఎడమ పక్క ఆడే కుర్రవాడి కోసం వెతుక్కుంటూ. ఆ సంగతి లచ్చయ్యకు చెబుతుంటే లింగస్వామి వేళ్ళు బంతి కుట్ల మీద తిరుగుతూనే ఉన్నాయి.

లచ్చయ్య కత్తిపీట పక్కకు జరిపాడు. తనకు కూడా ఇన్నేళ్ళ నౌకరీలో ఏ రూటుకు పోతావని ఎవరూ అడగలేదని, పొద్దున వచ్చి చార్టులో పేరు చూసుకుని బండెక్కడమేనని చెప్పాడు. మొదటిసారి అడిగింది మొన్న సమ్మెకు దిగే ముందే. డిపో గేటు కాడ నిలబెట్టి, దిగుదామా వద్దా అని అడిగితే చెయ్యెత్తాడట.

“చెయ్యెత్తుడు గూడ మర్సిపోయిన్న బిడ్డా. పక్కోడు ఎత్తినంక యాదికొచ్చింది” అని నవ్వి, ఉల్లిగడ్డల తట్ట ఎత్తుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళాడు.

శనివారం సాయంత్రం మన్సూరాబాద్‌లో, ఆ రెండు గదుల ఇంటి ముందు, లింగస్వామి బూట్లు ముందేసుకుని కూర్చున్నాడు. రేపు ఆడేది లేదు, అయినా చెయ్యి ఊరుకోదు. స్టడ్ల సందుల్లో ఎండిన మట్టిని పాత టూత్‌బ్రష్ పిడితో గోకి, తడిగుడ్డతో తుడిచి, నాడాలు విప్పి మళ్ళీ కట్టాడు. ఎడమ బూటు బొటనవేలి దగ్గర తోలు విచ్చుకుంటే దబ్బనంతో తనే కుట్టుకున్నాడు. దారం తెగకుండా కొవ్వొత్తి మైనం పట్టించి, కుట్టు కుట్టుకీ పళ్ళతో లాగి బిగించాడు.

తల్లి యాదలక్ష్మి గడప మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఆమెకు ఈ లోన్ సంగతి ఎన్నిసార్లు చెప్పినా మింగుడు పడలేదు.

“చక్కెర బదులిస్తరు, చాయపత్త బదులిస్తరు. మనిషిని బదులిచ్చుడు ఏడ సూడలే కొడుకా. ఇచ్చెటప్పుడు గిన్నె నిండుగ ఇయ్యాలె, తెచ్చెటప్పుడు నిండుగ తేవాలె. నువ్వు త్రిస్సూరుకెల్లి ఒచ్చెటప్పుడు సగమైతివి.”

“ఆడ వాన పడ్తనే ఉండె అమ్మ. బెంచి మీద కూసోబెట్టిన్రు.”

“కూసుంటె మనిషి లావైతడు గాని సన్నమైతడా?”

అంతలో అభిరామ్ సైకిలు మీద వచ్చాడు. మల్లికార్జునరావు క్లబ్బు కెప్టెన్ అతను. వాళ్ళ నాన్న వాళ్ళది తెనాలి వైపు, ఇతను పుట్టింది మాత్రం దిల్‌సుఖ్‌నగర్‌లోనే. లింగస్వామితో కలిసి చిన్నప్పటి నుంచి ఒకే బంతిని తన్నినవాడు. సైకిలు స్టాండు వేయకుండానే గోడకు వాల్చాడు. వాడు చెప్పిన కబురు విని యాదలక్ష్మి కూడా చేట పక్కన పెట్టింది.

జరిగిందేమిటంటే, సమ్మెలో లీగు ఆగిపోతుందని మల్లికార్జునరావు ముందే లెక్కేసుకున్నాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయన కోచింగ్ సెంటరు ఎటూ మూతపడింది, జట్టు కుర్రాళ్ళుండే హాస్టల్లో వంటమనిషి కూడా వెళ్ళిపోయింది. పండగ చేసుకు రండి అని కుర్రాళ్ళను ఊళ్ళకు పంపేశాడు. తీరా చూస్తే, ఆట ఆపితే మైదానం మళ్ళీ దొరకదని లీగు వాళ్ళు ఆదివారమే పెట్టేశారు. పోయినవాళ్ళు రావడానికి బస్సుల్లేవు. ఒకడు పాలమూరు అవతల, ఒకడు ఆదిలాబాదులో, ఇద్దరు ఒంగోలు దగ్గర.

“గోలీతో కలిపి ఆరుగురం ఉన్నాం రా. ఏడుగురైనా లేకపోతే ఆట మొదలే పెట్టరు. పొద్దుట్నుంచీ సార్ ఫోన్ కింద పెట్టలేదు” అన్నాడు అభిరామ్.

“అయితె ఆడకుండనె మేం ఫైనల్ల.”

“నవ్వకురా. గోవా ఆయన నన్ను కూడా చూడాలి కదా.”

లింగస్వామికి నవ్వు ఆగిపోయింది. యాదలక్ష్మి అభిరామ్ చేతిలో చాయ్ గ్లాసు పెట్టి, మీ అమ్మ గోంగూర పచ్చడి పంపుతానన్నది ఏదని నిలదీసింది.

ఆదివారం మైదానం చుట్టూ జనం ఎప్పుడూ లేనంతమంది. పనుల్లేవు, సినిమాల్లేవు, ఎక్కడికి పోతారు? డిపో టెంటు నుంచి ఖాకీ చొక్కాలు కూడా నడుచుకుంటూ వచ్చాయి. లచ్చయ్య ప్రహరీ గోడ నీడన నిలబడ్డాడు. గీతల మీద సున్నం అప్పుడే పోశారు, ఇంకా తడిగా మెరుస్తోంది. గొడుగు కింద బల్ల దగ్గర లీగు సెక్రటరీ, పక్కన నల్ల కళ్ళద్దాల గోవా మనిషి.

లింగస్వామి ఆకుపచ్చ టీ షర్టుతో తన జట్టువాళ్ళ మధ్య తిరుగుతూ, వాళ్ళ చీలమండలకు పట్టీలు చుడుతున్నాడు. మడమ కింద నుంచి తెచ్చి, పైన ఎనిమిది ఆకారంలో తిప్పి, వేలు దూర్చి చూసి వదులుతున్నాడు. బిగిస్తే రక్తం ఆడదు, వదిలేస్తే మడమ తిరుగుతుంది. బూట్ల సంచీ భుజానికే ఉంది. దాన్ని ఇంట్లో వదిలి రావడం అతనికి చేతకాలేదు.

బల్ల దగ్గర మల్లికార్జునరావు, తుర్కయంజాల్ కోచ్ పట్టాభి, సెక్రటరీ ముగ్గురూ తలలు దగ్గర పెట్టి మాట్లాడుకున్నారు. లోన్ ఇచ్చిన మనిషిని సొంత క్లబ్బు ఎప్పుడంటే అప్పుడు వెనక్కి తీసుకోవచ్చునని మల్లికార్జునరావు అన్నాడు. ఆడకుండా ఫైనల్‌కు పోతే ఊరు నవ్వుతుంది, ఏడుగురి మీద పదకొండుమందిమి గెలవలేమా అని పట్టాభి ఒప్పుకున్నాడు. అతని కుర్రాళ్ళను కూడా గోవా మనిషి చూడాలి గదా. రెండు పక్షాలూ ఒప్పుకుంటే తనకేం అభ్యంతరం లేదని సెక్రటరీ అన్నాడు. ముగ్గురూ చేతులు కలుపుకున్నారు.

మల్లికార్జునరావు ఎర్ర జెర్సీ పట్టుకుని వచ్చి, వంగి పట్టీ కడుతున్న లింగస్వామి భుజం మీద వేశాడు. “ఒరే, ఇది తొడుక్కో. పట్టాభి గారితో మాట్లాడేశాను. త్వరగా రా, రిఫరీ టైము చూసుకుంటున్నాడు” అని అప్పుడే వెనక్కి తిరిగాడు.

లింగస్వామి ఆ పట్టీ పూర్తిగా కట్టాడు. కొస మడిచి లోపలికి దోపాడు. తర్వాత భుజం మీది జెర్సీ తీసి, నలగకుండా మడత పెట్టి బెంచీ మీద పెట్టాడు. నడుచుకుంటూ వెళ్ళి సున్నం గీతకు అవతల, గడ్డి లేని మట్టిలో, కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

రిఫరీ ఎర్ర జట్టును లెక్కపెట్టి మళ్ళీ లెక్కపెట్టాడు. మల్లికార్జునరావు వెనక్కి వచ్చాడు.

“ఏమైందిరా? కాలు నొప్పా?”

“లేదు సార్.”

“డబ్బులేమన్నా కావాలా?”

“కాదు సార్. మీరు పట్టాభి సార్ని అడిగిన్రు. సెక్రటరీ సార్ని అడిగిన్రు. నన్ను అడగలే.”

మల్లికార్జునరావుకు నవ్వొచ్చింది. చెడ్డమనిషి కాదాయన. వాన రోజుల్లో పిల్లలకు గుడ్లు ఉడకబెట్టించి పెట్టిన మనిషి, లింగస్వామికి మోకాలు వాస్తే తన కారులో దవాఖానకు తీసుకెళ్ళిన మనిషి. “నిన్నడిగేదేముందిరా. నువ్వు మనవాడివే కదా” అన్నాడు.

“మనోడైతే అడగరా సార్?”

లింగస్వామి అక్కడితో ఆగలేదు. ఆగితే మళ్ళీ నోరు లేవదని తెలుసు. బెంగుళూరు పంపిననాడు కూడా అంతేనన్నాడు. ఆట అయి బూట్లు విప్పుకుంటుంటే వచ్చి సాయంత్రం బండికి పొమ్మన్నారు. ఇంట్లో అక్క లగ్గం పెట్టుకుని ఉంది, పందిరి గుంజలు కూడా పాతారు. అక్కను అత్తగారింటికి పంపేటప్పుడు తమ్ముడు లేడు. బెంగుళూరులో ఎడమ పక్క ఆడేవాణ్ణి తీసుకెళ్ళి వెనక నిలబెట్టారు, అది కూడా ఎవరూ అడగలేదు.

“నీకింకా రెండేళ్ళుంది నా దగ్గర” అన్నాడు మల్లికార్జునరావు. ఇప్పుడు నవ్వు లేదు. “ఆ రెండేళ్ళూ బెంచీ మీద కూర్చోబెట్టగలను, తెలుసా?”

“కూసుంట సార్. మా నాయిన దసరాకు ముందుకెల్లి కూసునే ఉన్నడు. మా ఇంట్ల కూసునుడు అలవాటైంది.”

గోడ దగ్గర ఖాకీ చొక్కాల్లో నవ్వు లేచింది. పోరడు సమ్మెల దిగిండని ఎవరో అన్నారు. మల్లికార్జునరావు అటు చూసి లచ్చయ్యను గుర్తుపట్టాడు. తండ్రివి, నువ్వైనా చెప్పు, బంగారం లాంటి అవకాశం మట్టిలో పోసుకుంటున్నాడు, గోవా ఆయన ఇక్కడే ఉన్నాడు అని బతిమాలినట్టే అన్నాడు.

లచ్చయ్య గోడ వదిలి రాలేదు. “నేన్ చెప్తె ఇంటడు సార్. గందుకే చెప్తలేను.”

ఆ గోవా సంగతి లింగస్వామికి తెలియదనుకున్నారా? కూర్చున్నాడన్న మాటే గానీ, గొడుగు కింది నల్ల కళ్ళద్దాలు తన వీపును కాలుస్తున్నట్టే ఉంది. లేచి ఆ జెర్సీ తొడుక్కుంటే చాలు. కాళ్ళు వాటంతట అవే ముడుచుకుంటుంటే రెండు చేతులతో మోకాళ్ళను నేలకు అదిమి పట్టుకున్నాడు.

అప్పుడు అభిరామ్ మైదానం మధ్యలోంచి నడిచి వచ్చాడు. నచ్చజెప్పడానికి వస్తున్నాడనుకుని మల్లికార్జునరావు పక్కకు తప్పుకున్నాడు. వాడొచ్చి లింగస్వామి పక్కన మట్టిలో కూర్చుని, మేజోళ్ళు కిందికి తోసి, కాళ్ళకు గాలి తగిలించుకున్నాడు.

“నువ్వెందుకురా? వీళ్ళ సమ్మెతో మనకేంటి?” అన్నాడు మల్లికార్జునరావు.

“ఇది ఆ సమ్మె కాదు సార్. బంతాట సమ్మె. నన్ను వైజాగ్ పంపినప్పుడు నన్ను కూడా అడగలేదు మీరు.”

ఆరుగురిలో ఐదుగురే మిగిలారు. ఆ ఐదుగురు కూడా తమ కెప్టెన్ వైపు ఒకటి, మల్లికార్జునరావు వైపు ఒకటి చూపులు పంచుతూ నిలబడ్డారు. గోలీ చేతి తొడుగులు తీసేసి చంకలో పెట్టుకున్నాడు. రిఫరీ దూరం నుంచి చెయ్యెత్తి గడియారం చూపించాడు.

మల్లికార్జునరావు కళ్ళద్దాలు తీసి, పంచె చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత ఆయన చేసిన పనికి జనం గొణుగుడు కూడా ఆగింది. మోకాళ్ళు పట్టేసిన మనిషి, ఒక చెయ్యి నేలకు ఆనించి, మూలుగుతూ ఆ పిల్లల ముందు గొంతుక్కూర్చున్నాడు. అరచేయి సరిగ్గా గీత మీద పడి తెల్లగా అంటుకుంది.

“లింగస్వామీ. ఇవాళ మనకు ఆడతావా?”

పూర్తి పేరు ఆయన నోట వినడం అదే మొదలు. లింగస్వామి తిరిగి అడిగాడు.

“ఇగ మీదట?”

“ఇక మీదట అడిగే పంపుతాను.”

“నన్నొక్కన్నేనా?”

మల్లికార్జునరావు అభిరామ్ వంక చూశాడు, నిలబడ్డ ఐదుగురి వంక చూశాడు. “అందరినీ” అన్నాడు.

“ఆడ్త సార్.”

లింగస్వామి లేచాడు. ఆయన మాత్రం లేవలేకపోయాడు. లింగస్వామి చెయ్యి అందించి, రెండో చేత్తో మోచేయి పట్టి లేపితే, ఆ చేతి సున్నం ఇతని చేతికీ అయింది. ఎర్ర జెర్సీ తొడుక్కునేటప్పుడు ఛాతీ మీద ఆ వేళ్ళ అచ్చు పడింది.

ఆట సంగతి ఏం చెప్పను. ఏడుగురు పదకొండుమందితో ఎంతసేపు నెట్టుకొస్తారు? తుర్కయంజాల్ పిల్లలకు లింగస్వామి ఎటు తిరుగుతాడో, ఏ కాలు ముందు వేస్తాడో అంతా తెలుసు, రోజూ కలిసి ఆడినవాళ్ళే. ఇతను కట్టిన పట్టీలతోనే ఇతని వెంట పడ్డారు. ఎడమ గీత వెంబడి పైకి పోవాలి, బంతి పోతే మళ్ళీ కిందికి ఉరికి రావాలి, ముగ్గురు మనుషుల పని ఒక్కడు చెయ్యాలి. మధ్యలో నీళ్ళు తాగే వేళకు రెండు గోల్సు వెనకబడ్డారు. తర్వాత ఇంకో రెండు.

అయినా జనం కదల్లేదు. ఎందుకంటే ఆ పిల్లవాడు ఆ రోజు అదో రకంగా ఆడాడు. ఎవరో తరిమితే పరుగెత్తినట్టు కాదు, తనంతట తను బయలుదేరినట్టు. నాలుగు గోల్సు పడ్డ తర్వాత కూడా, ఒంటరిగా బంతి తీసుకుని ఇద్దరిని తప్పించి, మూలదాకా పోయి, పడిపోతూ పడిపోతూ ఎడమకాలి కొనతో గాల్లోకి లేపాడు. అభిరామ్ ఎక్కడి నుంచి ఊడిపడ్డాడో, తల తగిలించాడు. వల కదిలింది. తామే గెలిచినట్టు ఖాకీ చొక్కాలు ఈలలు వేశాయి. ఓడింది నాలుగు ఒకటి. పట్టాభి వచ్చి, సక్కగ ఆడితివిరా, మా మీదనే అని వీపు తట్టి పోయాడు.

లింగస్వామి గోడ నీడన కూలబడి బూట్లు విప్పుకుంటున్నాడు. ఎడమ బొటనవేలు కమిలి నల్లబడింది. లచ్చయ్య పక్కన కూర్చుని సీసాలో నీళ్ళు ఆ వేలి మీద కొంచెం కొంచెంగా పోస్తున్నాడు.

గొడుగు కింద గోవా మనిషి మల్లికార్జునరావుతో ఏదో చెప్పడం, ఇటు చెయ్యి చూపించడం కనిపించింది. కాసేపటికి మల్లికార్జునరావు వచ్చాడు. నడకలోనే హుషారు తెలుస్తోంది.

“ఒరే, గోవా వాళ్ళు నిన్ను తీసుకుంటామంటున్నారు. నెలాఖరుకల్లా నిన్ను అక్కడికి...”

ఆగిపోయాడు. నోరు తెరిచి ఉంది, మాట మాత్రం వెనక్కి పోయింది. లచ్చయ్య నీళ్ళు పోయడం ఆపాడు. మల్లికార్జునరావు ఒకసారి గొంతు సవరించుకున్నాడు.

“వెళ్తావా లింగస్వామీ?”

బెంగుళూరు, త్రిస్సూరు వెళ్ళిన మనిషికి ఆ రెండు ముక్కలే కొత్త. అవునని నాలుక చివరిదాకా వచ్చింది. వెళ్తాడు, ఎందుకు వెళ్ళడు? ఆ మాట కోసమే ఇన్నాళ్ళూ ఇంతమంది జెర్సీలు తొడుక్కుంది. కానీ బూటు నాడా వేలికి చుట్టుకుంటూ, తొందర లేనివాడిలా అడిగాడు.

“ఏ జాగల ఆడిపిస్తరట సార్?”

“అది... అడగలేదు.”

“ఎడమ దిక్కునేనా, ఎనకనా? ఆడిపిస్తరా, బెంచి మీద కూసోబెడ్తరా? జర అడుగున్రి సార్. ఇన్నంక చెప్త.”

మల్లికార్జునరావు వెనక్కి తిరిగాడు. పంచె ఎత్తి పట్టుకుని, ఎండలో, ఆ మైదానమంతా మళ్ళీ దాటుకుంటూ గొడుగు వైపు నడిచాడు. లింగస్వామి రెండో బూటు విప్పడం మొదలుపెట్టాడు.